పడని గొల్యాతు

ఆ శనివారం పొద్దున జీవరాజు పంతులుగారు వేసుకున్న లెక్క చాలా సులువైనది. మూడింటికి కోతల పండుగ ఆరాధన, నాలుగింటికి తాను రాసిన దావీదు గొల్యాతుల నాటకం, ఐదింటికి దొరగారి మెప్పు.

ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు కాలువలకెక్కి నలభై ఏళ్ళు దాటిన రోజులవి. రావులపాలేనికి రెండు కోసుల దూరంలో, కాలువగట్టు పల్లెలో పంతులుగారిది తాటాకుల బడి. దాన్ని ఐదో తరగతి దాకా పెంచాలో, మూసేసి పిల్లల్ని పక్క ఊరికి పంపాలో తేల్చడానికి మిషను దొరగారు రాజమహేంద్రవరం నుంచి పడవ మీద వస్తున్నారు. అందుకే పంతులుగారు నాటకంలో హాస్యమన్నది చుక్క కూడా పడకుండా జాగ్రత్తపడ్డారు.

ఫిలిష్తీయుల వీరుడు గొల్యాతు వేషం పాలేరు అబ్బులుది. ఏ గుమ్మంలోనైనా వంగి రావలసినంత పొడుగు, చెప్పిన మాట చెప్పినట్టు చేసే మనిషి. గొర్రెల కాపరి కుర్రాడు దావీదు వేషం దర్జీ చిట్టియ్యది. ఆయనకు నలభై దాటాయి. కానీ వేషాలన్నీ ఊరికే కుట్టిపెట్టిన మనిషిని కాదనడం ఎలా? రాళ్ళకు బదులు బియ్యప్పిండి ముద్దలు ఐదు సిద్ధం చేశారు.

సాధనలో ఒకటే చిక్కు. చిట్టియ్య వడిసెల తిప్పడం మొదలుపెట్టగానే అబ్బులు కంగారుపడి ముందే పడిపోయేవాడు. ఆ పొద్దున పంతులుగారు అతన్ని పక్కకు పిలిచి, రాయి నుదుటికి తగిలాకే గొల్యాతు పడ్డాడని పరిశుద్ధ గ్రంథంలో ఉందనీ, తగలకుండా పడితే వాక్యాన్ని అబద్ధం చేసినట్టేననీ గట్టిగా చెప్పారు. అబ్బులు తల ఊపాడు.

నాలుగింటికి గుడి ముందు పందిరి నిండిపోయింది. ముందు కుర్చీలో దొరగారు, చాపల మీద సంఘమంతా, గట్టు మీద చూడవచ్చిన రైతులు. వేదికంటే దుంగల మీద పరచిన తాటి పలకలే.

దావీదు పద్యం చదివి వడిసెల తిప్పాడు. మొదటి ముద్ద పక్కకు మళ్ళి దొరగారి టోపీని ఎగరగొట్టింది. రెండోది పందిరికి కట్టిన కానుకల అరటిగెలకు తగిలింది. కట్టు జారి గెల ఇశ్రాయేలు రాజు సౌలు ఒళ్ళో పడింది. ఇశ్రాయేలు సైన్యం యుద్ధం మాట మరచి పళ్ళ మీద పడింది. మూడో ముద్ద ఎటు పోయిందో తెలియదు గాని, గట్టు మీద ఎవరిదో గొడుగు ముడుచుకుంది.

పంతులుగారు తెర వెనక నుంచి పడిపొమ్మని అబ్బులుకు రెండు చేతులతో సైగ చేశారు. అబ్బులు అటు తిరిగి, పందిరంతా వినేటట్టు వినయంగా చెప్పాడు.

"తగల్లేదండి."

జనం గొల్లుమన్నారు. చిట్టియ్యకు చెమటలు పట్టాయి. నాలుగో ముద్ద చేతిలోంచి జారి వెనకనున్న తెరకు అంటుకుంది. అబ్బులుకు జాలేసింది. "కంగారు పడకండి చిట్టియ్యగారూ, నేనే కాస్త దగ్గరికొస్తానుండండి" అంటూ ముందుకొచ్చి తల వంచాడు. చిట్టియ్య ఐదో ముద్ద ఎత్తబోయి, తాను కుట్టుకున్న అంగీ అంచే తొక్కి, ముద్ద మీదే బోర్లా పడ్డాడు. గొల్యాతు కత్తి కిందపెట్టి, శత్రువును లేవదీసి, మీసాలకంటిన పిండి దులిపి, పలక చివర జాగ్రత్తగా నిలబెట్టి, తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఇక దావీదు దగ్గర రాళ్ళు లేవు. గొల్యాతు పడడు. కథ అక్కడ ఆగిపోయింది.

అప్పుడు అబ్బులు భార్య చిట్టెమ్మ చాప మీద నుంచి లేచింది.

"గేదెలకి కుడితి పెట్టే వేళయింది. పడిపోయి రా."

"తగల్లేదే."

"ఇంటికొచ్చాక తగులుద్దిలే."

అబ్బులు క్షణం ఆలోచించి, మొదలు నరికిన తాడిచెట్టులా పడ్డాడు. అతను పడ్డ పలక అటు కుంగింది, ఇటు లేచింది. ఆ చివరనున్న దావీదు గాలిలోకెగిరి దొరగారి ఒళ్ళో వాలాడు. ఇద్దరూ కుర్చీతో సహా వెనక్కి వెళ్ళారు.

పంతులుగారు ఆ తర్వాత ఏమైందో చూడకుండా దొడ్డిదారిన ఇల్లు చేరారు. బడి పోయిందని భార్య జ్ఞానమ్మతో చెబుతుంటే ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వూ నవ్వుతున్నావా అని ఆయన నొచ్చుకున్నారు.

"నవ్వకేం చెయ్యమంటారండీ? చంపాల్సినవాడేమో చంపలేడు. చావాల్సినవాడేమో సాయం చేస్తున్నాడు. అంత మర్యాదగా యుద్ధం చేసుకునేవాళ్ళని ఎక్కడైనా చూశారా?"

పంతులుగారు జవాబు చెప్పబోయారు. అబ్బులు వినయంగా తెర వైపు తిరిగిన తీరు కళ్ళ ముందు మెదిలింది. మరుక్షణం ఆయన గోడకానుకుని, ఉత్తరీయంతో కళ్ళొత్తుకుంటూ నవ్వసాగారు. గుమ్మంలో దొరగారు నిలబడి ఉన్న సంగతి చాలాసేపటికి గాని చూడలేదు. దొరగారి గడ్డం నిండా పిండి ఉంది.

"బడిని పెంచెదము పంతులుగారూ. అయితే ఈ నాటకమును వచ్చే నెల రాజమహేంద్రవరపు సభలో మరల ఆడవలెను. ఏమియు మార్చకూడదు."

ఆ హాస్యమంతా నేను రాసిందేనండి అన్నారు పంతులుగారు. జ్ఞానమ్మ గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

నెల రోజులు పంతులుగారికి నిద్ర లేదు. ఏ ముద్ద ఎటు పోవాలో, ఎవరు ఎప్పుడు పడాలో, జనం ఎక్కడ నవ్వాలో ఎర్రసిరాతో రాసుకున్నారు. చిట్టియ్య చేత గురి తప్పడం వందసార్లు సాధన చేయించారు. అబ్బులుకు మాత్రం కొత్తగా ఏమీ చెప్పలేదు.

సభనాడు మూడువందల మంది ఎదుట దావీదు వడిసెల తిప్పి, పెద్ద దొరగారి టోపీకేసి గురిచూసి వదిలాడు. ముద్ద సూటిగా వెళ్ళి గొల్యాతు నుదుటి నడిమధ్య తగిలింది.

రాజమహేంద్రవరంలో ఫిలిష్తీయులు రెండు నిమిషాల్లో ఓడిపోయారు.