పదకొండింటి కిటికీ

ఆ గురువారం ఉదయం సువార్తమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికల్లా ఆఫీసుకు చేరి, మేనేజర్ రాజేశ్వర్ రావును మంచి చేసుకుని, కంప్యూటర్లో గంటకోసారి ఊడిపడే ఆ కిటికీని బంద్ చేయించాలి.

వరంగల్‌లోని ఆ జంపఖానాల సంఘానికి కంప్యూటర్ వచ్చింది ఎనభై తొమ్మిదిలో. దాంతోపాటు మేనేజరు ముచ్చటపడి అందులో ఒక డైరీ కూడా పెట్టించుకున్నాడు. గంట కాగానే పెట్టె ట్రింగుమంటుంది. తెర నడుమ చిన్న కిటికీ తెరుచుకుని, గుర్తుంచుకోవలసిందేమిటని అడుగుతుంది. ఇక ఏ మీట నొక్కినా ఆ అక్షరం కిటికీలోకే పోతుంది. ఎంటర్ కొడితే మూసుకుని, అప్పటినుంచి ప్రతి గంటకూ ఆ రాతనే చూపిస్తుంది.

సువార్తమ్మది ఇరవై రెండేళ్ల టైపు సర్వీసు. కళ్లు కాగితం మీద ఉంటాయి, వేళ్లు వాటి పని అవి చూసుకుంటాయి. తలెత్తి తెర చూడటం ఆమె లెక్కలో పరీక్షలో కాపీ కొట్టడమే. పాత టైపు మిషను మీద గంట మోగితే లైను అయిపోవచ్చిందని అర్థం, అంతే. గంట మోగిందని తలెత్తితే ఆమె సువార్తమ్మ ఎలా అవుతుంది? అందుకే ఇప్పటికి రెండు ఉత్తరాల్లో లైన్లు ఎగిరిపోయాయి.

"సార్, అది నడుమల దూరి నా అక్షరాలు మింగుతాంది. పిలిస్తెనే వచ్చేటట్టు చేసుడు కంపెనీ ఆయన నాకు నేర్పిండు. చెయ్యమంటరా?"

"దాని జోలికి పోకు. అది నా డైరీ. తప్పు కిటికీది కాదు, నీ చేతులది," అని రాజేశ్వర్ రావు ఒక చిత్తుకాగితం చేతిలో పెట్టాడు. "హెడ్డాఫీసుకు పోవాలె. ఇప్పుడే కొట్టు."

అందులో మూడే వాక్యాలు. నేను ఆరేళ్లుగా ఇక్కడ మేనేజరుగా ఉన్నాను. టైపిస్టు సువార్తమ్మకు కంప్యూటర్ రాదు. కాబట్టి దయచేసి వెంటనే నెక్కొండ గోదాముకు బదిలీ చేయగలరు.

చదవగానే సువార్తమ్మకు ఇల్లు గుర్తొచ్చింది. భర్త దేవదానం కాలు విరిగి మంచంలో ఉన్నాడు. మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయి అన్నం పెడితేనే ఆయన తినేది. అంత దూరం నెక్కొండ గోదాములో కూర్చుని ఆయనకు అన్నం ఎలా పెడుతుంది? ఆ దిగులుతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. అయినా వేళ్లు ఒక్క తప్పూ చేయలేదు. మొదటి వాక్యం పూర్తయ్యేసరికి పదకొండయింది. పెట్టె ట్రింగుమంది. రెండో వాక్యం నేరుగా కిటికీలోకి పోయింది. ఆమె ఎంటర్ కొట్టడంతో కిటికీ మూసుకుంది, మూడో వాక్యం వచ్చి మొదటిదాని కింద బుద్ధిగా కూర్చుంది.

అచ్చయి వచ్చిన కాగితం చూసి సువార్తమ్మ ఉలిక్కిపడింది. వెంటనే మేనేజరు దగ్గరికి పట్టుకుపోయింది.

"సార్, జర సదువుండ్రి. నడుమ ఒక లైను..."

"కంప్యూటర్ కొట్టిన కాయితం సదివేదేముంటది? బదిలీ తప్పించుకుందామని చూస్తానవా?" అని సంతకం గీకేశాడు.

ఆ మాటకు ఆమె మనసు విరిగింది. కాగితాన్ని మడిచి కవరులో పెట్టేసింది. అటెండరు వెంకటయ్య ఉత్తరాన్ని పోస్టులో వేసి వచ్చాడు.

పన్నెండింటికి రాజేశ్వర్ రావు కంప్యూటర్ ముందే ఉన్నాడు. కిటికీ తెరుచుకుంది. టైపిస్టు సువార్తమ్మకు కంప్యూటర్ రాదు, అని ఉంది అందులో.

"చూసినవా వెంకటయ్యా, ఇది నా ఒక్కని మాట కాదు. మిషను గూడ అదే చెప్తాంది."

"మిషనుకు అక్క మీద గింత పగెందుకు సార్?" అన్నాడు వెంకటయ్య.

ఒంటిగంటకూ అదే మాట, రెండింటికీ అదే మాట. మూడింటికి మేనేజరు ఆగలేక హైదరాబాదు హెడ్డాఫీసుకు ట్రంకాల్ చేశాడు. "రేపు నా ఉత్తరం అందుతది సార్. దాని మీద ఆర్డర్ జల్ది ఇయ్యుండ్రి. ఒక్క రోజు గూడ ఆగేటట్టు లేదు."

ఆ తర్వాత వారంలో మరో రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ సంఘం పుట్టినప్పటినుంచి నెక్కొండ గోదాము కోసం ఇంతగా పట్టుబట్టినవారు లేరు. హెడ్డాఫీసు కరిగిపోయింది.

తొమ్మిదో రోజు ఆర్డర్ వచ్చింది. రాజేశ్వర్ రావు అందరికీ చాయ్ తెప్పించి మరీ కవరు చింపాడు. మేనేజర్ రాజేశ్వర్ రావు స్వయంగా, పదేపదే కోరినందున ఆయనను నెక్కొండ గోదాముకు బదిలీ చేయడమైనది. ఇక్కడి పనులను తాత్కాలికంగా సువార్తమ్మ చూడవలెను.

చాయ్ చల్లారిపోయింది. ఆయన ఉత్తరం నకలు తెప్పించి మొదటిసారి చదివాడు.

"నడిమి లైనేది?"

"మీ డైరీల ఉన్నది సార్. గంట గంటకు సదువుతనే ఉన్నరు గదా," అంది సువార్తమ్మ.

రాజేశ్వర్ రావు గోడ గడియారం వైపు చూశాడు. పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలున్నాయి. గొంతు మెత్తబడింది. "బదిలీ క్యాన్సిల్ చెయ్యమని ఒక లెటర్ కొట్టాలె. ముందుగాల ఆ కిటికీ రాకుంట చెయ్యి సువార్తమ్మా."

"అది నాతోని ఎట్లయితది సార్?" అంది సువార్తమ్మ నెమ్మదిగా. "నాకు కంప్యూటర్ రాదు."

ఆ ఉత్తరాన్ని ఆమె పాత మిషను మీదే కొట్టి ఇచ్చింది. సంతకం పెట్టేముందు రాజేశ్వర్ రావు దాన్ని నాలుగుసార్లు చదివాడు.