తొంభై సెకన్ల డాక్టరుగారు

రోగ నిర్ధారణకు ఇకమీదట తొంభై సెకన్లు చాలునని గోదావరిఖనిలోని మా గనుల దవాఖానలో డాక్టర్ వేణుమాధవ్ గారు మైకులో ప్రకటించారు. యూనియన్ నాయకుడు భూపాలన్న ఆయనకు శాలువా కప్పాడు. మోకాలి నొప్పితో ఓపీ వరుసలో నిలబడ్డ నేను కూడా చప్పట్లు కొట్టాను.

కార్మికుడు జబ్బుతో గని పనికి అన్‌ఫిట్ అయితే అతని ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. కాబట్టి కార్మికులకు వచ్చే జబ్బులన్నీ నిజానికి ఆ ఉద్యోగం మీది ఆశ అనే ఒక్క జబ్బేనని డాక్టరుగారు కనిపెట్టారు. వైద్య గ్రంథాల్లో ఇది లేదు. ఆయన పాతికేళ్ల అనుభవం అలాంటిది.

వరుసలో నా ముందున్నది బొగ్గు తవ్వే కోల్‌కట్టర్ దస్తగిర్.

"సార్, పొద్దటి సంది ఛాతిల బరువుగున్నది. ఎడమ చెయ్యి గుంజుతుంది."

"కొడుకు ఏం చేస్తుండు?"

"కొడుకుల్లేరు సార్. ఒక్కతే బిడ్డ, షబీనా."

"అయితే అల్లుని కోసమన్నట్టు."

"బిడ్డకు ఇంక పెండ్లి కాలే సార్."

"కావాలంటే నౌకరీ ఉండాలె గదా!"

మేమంతా తలలూపాం. ఎటు తిప్పినా నిర్ధారణ చెక్కుచెదరలేదు.

"సార్, చెమటలు కారిపోతున్నయ్. ఈసీజీ తీద్దామా?" అంది సిస్టర్ అనసూర్య.

"గుండెకు ఈసీజీ ఉంటది సిస్టర్, ఆశకు ఉంటదా? అబద్ధమాడేటోనికి చెమటలు రావా?"

"ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసుల ఒక్కపారి సిక్కు లీవు పెట్టలే సార్," అన్నాడు దస్తగిర్.

"చూసిన్రా! ఎప్పటి సంది ప్లాన్ చేస్తుండో!"

గడియారం చూశాను. డెబ్బై సెకన్లే. రెండు గ్యాసు గోలీలిచ్చి, 'డ్యూటీకి ఫిట్' అని చీటీ రాశారు. నా మోకాలి నొప్పి అక్కడికక్కడే మాయమైంది. నాకు ఇద్దరు కొడుకులు మరి. మెల్లగా వరుసలోంచి తప్పుకున్నాను.

దస్తగిర్ ఆ చీటీతోనే సెకండ్ షిఫ్టుకు వెళ్లాడు. గనిలోకి దిగే ముందు ల్యాంప్‌రూమ్ దగ్గర, టోపీకి తగిలించుకునే క్యాప్ ల్యాంపు అందుకుంటూ కూలిపోయాడు. దవాఖానకు తెచ్చేసరికి ప్రాణం లేదు.

ఏడు నెలలకు, చనిపోయిన తండ్రికి బదులుగా షబీనాకు ఆ దవాఖానలోనే ఓపీ చీటీలు రాసే ఉద్యోగం వచ్చింది. ఆర్డరు ఇవ్వడానికి సభ పెట్టారు. కాగితం చేతిలో పడగానే ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి. డాక్టరుగారు మైకు అందుకున్నారు.

"ఆ రోజు నేనేమన్న? నౌకరీ కోసమే వచ్చిండన్న. సిస్టరే నమ్మలే."

భూపాలన్న రెండో శాలువా విప్పాడు.