పెద్ద మంట మీద వైన్

"ఇకమీదట ఈ రాష్ట్రంలో అమ్మేవాడే వైన్ చేస్తాడు, చేసేవాడే అమ్ముతాడు" అని మద్యం శాఖ మంత్రిగారు ప్రకటించగానే సభ బల్లలు చరిచి చరిచి అలిసిపోయింది. ఈ చట్టంతో రైతు గట్టెక్కుతాడనీ, దుకాణదారు కళాకారుడవుతాడనీ, తాగేవాడు తాగుతూనే దేశసేవ చేస్తాడనీ మంత్రిగారు వివరించారు. తాను మాత్రం జన్మలో చుక్క ముట్టలేదని, ఆనవాయితీ తప్పకుండా, చివర్లో చెప్పారు.

మూలమలుపు మందు దుకాణం ఓనరు ఆ వార్త సగం చదివి మురిసిపోయాడు. మిగతా సగం చదివి కుర్చీలో కూలబడ్డాడు. గడువులోగా సొంత వైన్ చేసి చూపించని దుకాణానికి లైసెన్సు రద్దట. మందు గురించి అతనికి వచ్చిన విద్య ఒక్కటే, సీసాకి పాత పేపరు చుట్టి ఇవ్వడం.

"నువ్వు జామ్ చేస్తావు కదే," అన్నాడు ఇంటికెళ్లి భార్యతో. "ఇదీ అలాంటిదే."

"నా జామ్ తిని ఎవరూ గోడలు పట్టుకుని నడవలేదు లెండి."

"దుకాణం పోతే పట్టుకోడానికి మనకి గోడలు కూడా మిగలవు."

ఆ మాటతో ఆవిడ నడుం బిగించింది. ప్రభుత్వం ఉచితంగా పంచిన మార్గదర్శక పుస్తకాన్ని ముందేసుకుని కూచుంది. అందులో పేజీ పేజీకీ మంత్రిగారి ఫొటోలే. వైన్ ఎలా చేయాలన్నది ఆఖరి అట్ట లోపలివైపు ఒక్క వాక్యం: "అత్యంత పరిశుభ్రముగా చేయవలెను."

పరిశుభ్రత గురించి ఆవిడకి ఇంకొకరు చెప్పాలా? పాల సంగతి సరే, పక్కింటివాళ్లు ఇచ్చిన మంచినీళ్లయినా మరిగించందే గ్లాసులో పొయ్యని ఇల్లాలు. ద్రాక్షపళ్లు పిండి, ఆ రసాన్ని పెద్ద మంట మీద తెర్లకాగనిచ్చి, మరగబెట్టిన గాజు జాడీల్లో వేడివేడిగా పోసి మూతలు బిగించేసింది. మర్నాడు ఎక్సైజు ఇనస్పెక్టరు వచ్చి మూతల మీద లక్కతో సీలు వేశాడు.

"మీ వైన్ ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చే రోజు దాకా వీటిని ముట్టుకోకండమ్మా. ఈలోగా దానంతటదే వైన్ అయిపోతుంది."

"దానంతటదే ఎలా అవుతుందండీ?"

"చట్టం వచ్చాక అవక ఏం చేస్తుంది?"

ప్రారంభోత్సవం రోజు దుకాణం వెనక గదికి కొత్త సున్నం, గుమ్మానికి ఎర్ర రిబ్బను. ఇనస్పెక్టరు స్వహస్తాలతో సీళ్లు పగలగొట్టి, రసాన్ని గ్లాసుల్లోకి వంపించాడు. ఆవిడ ఒక చెంచాడు నోట్లో వేసుకుని, మొగుణ్ణి పక్కకి లాగింది.

"ఏమండీ, ఇది ద్రాక్షరసం."

"ద్రాక్షతో చేస్తే నారింజరసం వస్తుందా?"

"అది కాదండీ. ఉత్త ద్రాక్షరసం. పసిపిల్లలకి పట్టొచ్చు. బాగా మరిగిస్తే పులవదు కాబోలు."

ఓనరు "లైసెన్సు..." అంటూండగానే వీధిలో సైరన్ మోగింది.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. గ్లాసెత్తి, కెమెరాల వైపు తిరిగి, ప్రజల కోసం ఒక్క గుక్కలో తాగేశారు.

"ఎలా ఉంది సార్?" అన్నారు విలేకర్లు.

ఇక్కడే మంత్రిగారి గొప్పతనం బయటపడింది. ఇందులో మత్తు లేదనాలంటే మత్తు ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. జన్మలో చుక్క ముట్టని మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆయన కళ్లు మూసుకుని, "అబ్బ, ఏం ఘాటయ్యా," అని బల్ల అంచు పట్టుకున్నారు.

ఇనస్పెక్టరు ఓ గుక్క వేసి గోడకి ఆనుకున్నాడు. "సార్, నాకు మీరు ఇద్దరు కనిపిస్తున్నారు."

"ఇద్దర్లో ముఖ్యమంత్రి ఎవరయ్యా?"

"ఇద్దరూనండి."

జిల్లా అధికారి కూడా ఊగాడు. అయితే మంత్రిగారికన్నా ఒక పిసరు తక్కువగా ఊగాడు, ప్రోటోకాల్ తెలిసినవాడు కనక. పార్టీ కార్యకర్త ఒకడు భోరున ఏడుస్తూ, పోయిన ఎన్నికల్లో అవతలి పార్టీకి ఓటేశానని ఒప్పేసుకున్నాడు. ఇనస్పెక్టరు జాడీలో ముంచిన మత్తు కొలిచే మీటరు సున్నా చూపించింది.

"దీనికీ ఎక్కినట్టుంది," అని ఇనస్పెక్టరు దాన్ని జేబులో పడుకోబెట్టి, లైసెన్సు కాగితం మీద వంకరటింకరగా సంతకం చేశాడు. ఓనరు ఆ కాగితం చప్పున లాక్కుని దాచుకున్నాడు.

తీరా బయల్దేరబోతే డ్రైవరు కూడా తూలుతున్నాడు. తాగి బండి నడిపితే జైలని చట్టం తెచ్చింది కూడా మంత్రిగారే. గదిలో గ్లాసు అందనిది ఒక్క ఓనరు భార్యకే.

"నేను నడుపుతాను లెండి," అంది ఆవిడ. దాహం వేస్తోందేమో, జాడీ అడుగున మిగిలింది గటగటా తాగేసి, తాళాలు పుచ్చుకుని కారెక్కింది. ఎవరూ వద్దనలేదు. మంత్రిగారు వెనక సీట్లో, ఇనస్పెక్టరు ముందు సీట్లో కూలబడ్డారు.

"అంత ఘాటు ఎలా తెప్పించావమ్మా?" అన్నారు మంత్రిగారు.

"బాగా మరగబెట్టానండీ."

"చిన్న మంటా, పెద్ద మంటా?"

"పెద్ద మంటేనండీ."

"ఇనస్పెక్టరూ, ఉత్తర్వు రాసుకో. ఇకనించి రాష్ట్రంలో ప్రతి దుకాణం వైనూ పెద్ద మంట మీద మరిగించాల్సిందే." మంత్రిగారు కళ్లు మూసుకుని సీటు గట్టిగా పట్టుకున్నారు. "కాస్త నెమ్మదిగా పోనీ తల్లీ, మలుపుల్లో నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"బండి ఇంకా స్టార్టు చెయ్యలేదండీ," అంది ఆవిడ.