నీళ్ళు తాగే రోడ్డు నోరు మూయించిన వైనం

వాన నీళ్ళు వీధిలో నిలబడాలి! మోకాలి దాకా నిలబడాలి! నీళ్ళు నిలబడని వీధి అసలు వీధే కాదని నా నిశ్చితాభిప్రాయం.

నవ్వుతున్నారా? నవ్వండి. మీ వీధిలో నీళ్ళు నిలవవు కాబట్టి మీకు నవ్వొస్తుంది. మా సంగతి అలా కాదు. ఊళ్ళో ఏ మూల నాలుగు చినుకులు పడ్డా ఆ నీళ్ళన్నీ ఎవరినీ అడ్రసు అడక్కుండా మా వీధికే వస్తాయి. వీధి మొత్తానికీ పల్లంలో ఉన్నది మా ఇల్లు కాబట్టి, చివరికి మా గుమ్మంలోకే దిగుతాయి. పిలవని చుట్టాలంటారా? అనండి. పిలిచిన చుట్టాలే రావడం మానేసిన రోజుల్లో కనీసం నీళ్ళయినా వస్తున్నాయి కదా!

ఆ నీళ్ళ వల్ల లాభాలు ఒకటా, రెండా! మోకాలి లోతు నీళ్ళలో ఏ కుర్రకారైనా బైకు మీద ఫీట్లు చేయగలరా? ట్రాఫిక్ పోలీసు చేయలేని పని వాన చేస్తోంది. దొంగలు మా వీధి వైపు కన్నెత్తి చూడరు. చప్పుడు కాకుండా నీళ్ళలో నడవడం ఎంత పేరుమోసిన దొంగకైనా చేతనవుతుందా? ఇక పిల్లల చదువు చూడండి. ద్వీపం అంటే ఏమిటని పక్కింటి పాపని అడిగితే వాళ్ళ నాన్న కారు చూపిస్తుంది. ద్వీపకల్పం అంటే మా ఇంటి మెట్లు చూపిస్తుంది. ఇంత ప్రాక్టికల్‌గా ఏ స్కూల్లో చెబుతారండీ?

ఇరుగుపొరుగు స్నేహం సంగతి చెప్పనే లేదు. మామూలు రోజుల్లో ఎదురింటాయన నా మొహం చూడడు. గట్టి వాన వెలిసిందంటే చాలు, నా ఎడమకాలి చెప్పు వాళ్ళ గేటు దగ్గరా, ఆయన కుడికాలి చెప్పు మా వంటింట్లోనూ తేలుతుంటాయి. ఇచ్చిపుచ్చుకుంటాం. ఆ వంకన కాసేపు నిలబడి మునిసిపాలిటీని తిట్టుకుంటాం. ఓసారి మా ఫ్రిజ్ తనంతట తానే లేచి, తేలుకుంటూ హాల్లోకి వచ్చేసింది. హాల్లో పెడదామని నేనూ, వంటింట్లోనే ఉండాలని మా ఆవిడా కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ పోట్లాడుకుంటున్న ఫ్రిజ్ అది! పెద్దమనుషులు తీర్చలేని తగువు వాన నీళ్ళు తీర్చాయి.

ఇంత చల్లగా ఉన్న వీధి మీద ఎవరి కన్ను పడిందో గానీ, పోయిన ఎండాకాలం మునిసిపాలిటీ నుంచి ఓ ఇంజనీరమ్మ దిగింది.

చిన్నపిల్ల. నెత్తి మీద పచ్చ హెల్మెట్, కాళ్ళకి బురద బూట్లు. వస్తూనే మా సిమెంటు రోడ్డంతా తవ్వించేసింది. అడుగున గుప్పెడంత రాళ్ళు పోయించింది. వాటి మీద చిన్న కంకర. దాని మీద ఇంకా సన్న కంకర. అన్నిటి పైనా సిమెంటు బ్లాకులు పరిపించింది. పరిపిస్తే పరిపించింది, బ్లాకుకీ బ్లాకుకీ మధ్య వేలు పట్టేంత సందు వదిలేసింది! ఆ సందుల్లో కాస్త సన్న కంకర పోసి, అయిపోయిందండీ అని చేతులు దులుపుకుంది.

"ఇదేం రోడ్డమ్మా, పళ్ళూడిన దువ్వెనలా?" అన్నాను.

"ఇది నీళ్ళు తాగే రోడ్డండీ," అంది. "వాన నీళ్ళు ఈ సందుల్లోంచి కిందికి దిగుతాయి. అడుగున రాళ్ళ మధ్య కాసేపు ఆగి, నెమ్మదిగా భూమిలోకి ఇంకిపోతాయి. మీరు పెద్దగా చేయాల్సిందేం లేదు. ఆకులూ మట్టీ పేరుకోకుండా ఊడ్చుకుంటే చాలు. సందులు మాత్రం దేంతోనూ పూడ్చకండి. దానికి నోళ్ళు అవే."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఈ మాటలన్నీ చెవులు రిక్కించి వింది. ఆవిడ సంగతి మీకు చెప్పాలి. వీధి వైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మబ్బు పట్టిందంటే మిషను బల్ల మీదికి, గుడ్డల మూటలు అటక మీదికి, తను మంచం మీదికి. నిరుడు ఓ వానకి మూటలు ఎక్కించే తీరిక దొరకలేదు. ఎర్ర స్కర్టుల రంగు దిగి తెల్ల చొక్కాలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. పోనీలే, పిల్లలు గులాబీల్లా ఉంటారని ఓదార్చాను. నా ఓదార్పు ఆవిడకి రుచించలేదు.

"ఇంకొక్కసారి ఈ గదిలోకి నీళ్ళొచ్చాయా, మిషను తీసుకుని మా అన్నయ్య ఇంటికి పోతా. వాళ్ళది రెండో అంతస్తు. మీరొస్తే రండి, లేకపోతే ఇక్కడే ఈదుకోండి!" అని తేల్చి చెప్పేసింది. మా ఆవిడ బెదిరించే మనిషి కాదు. అన్నదంటే చేస్తుంది.

తొలకరి వచ్చింది. అలవాటు చొప్పున వీధి వీధంతా ప్యాంట్లు పైకి మడుచుకుని, బకెట్లు పట్టుకుని తయారుగా నిలబడ్డాం. వాన దంచి కొట్టింది. నీళ్ళేవీ? కురిసిన వాన కురిసినట్టే మాయం! వెలిశాక చూస్తే రోడ్డు మీద పిచ్చుక మునిగేంత మడుగైనా లేదు.

ఎంత అవమానం చెప్పండి! మడిచిన ప్యాంట్లు దింపుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళిపోయాం. ఎదురింటాయన చెప్పులు ఎదురింట్లోనే ఉండిపోయాయి. ఇక మాటలెక్కడివి?

మా ఆవిడ మాత్రం మిషను బల్ల మీంచి దించి, కిటికీ పక్కన నేల మీద పెట్టుకుంది. మూటలు కూడా అటక మీంచి దించేసింది. కిటికీ తెరిచి, వాన చూస్తూ, ఏదో కూనిరాగం తీస్తూ కుట్టుకుంది. మా ఆవిడ పాడగలదన్న సంగతి నాకు ఆ వానాకాలంలోనే తెలిసింది. విని చాలా సంతోషం వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి.

కానీ ఒక ఇల్లాలి కూనిరాగం కోసం వీధి పరువు తాకట్టు పెట్టగలమా? మా కాలనీ సంఘం అధ్యక్షుల వారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఎప్పుడూ చేతిలో అడుగు స్కేలు ఉంటుంది కాబట్టి అందరం స్కేలు మాస్టారంటాం. వంకర గీత కనిపిస్తే ఆయనకి ఆ పూట ముద్ద దిగదు. ఆయన రోడ్డు మీద గొంతుక్కూర్చుని, సందు మీద స్కేలు పెట్టి కొలిచి, తల పట్టుకున్నారు. సాయంత్రానికల్లా మీటింగు పెట్టారు.

"సందులయ్యా! ఎటు చూసినా సందులే! పని సగంలో వదిలేసి పోయింది ఆ పిల్ల!"

"కిందంతా డొల్లటండీ," అన్నాడు వీధి మొదట్లో టైల్స్ షాపు పెట్టుకున్నాయన, గొంతు తగ్గించి. "ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో మీలో ఎవరైనా చూశారా? కంటికి కనబడకుండా జరిగేది ఏదైనా మంచిదవుతుందా?"

ఎంత లోతైన మాట! పైకి కనబడే వరదని నమ్మొచ్చు గానీ, కనబడకుండా భూమిలోకి జారుకునే నీళ్ళని ఎలా నమ్ముతాం? తన కోడలి చెప్పు మడమ ఆ సందుల్లో ఇరుక్కుందని ఎదురింటాయన సాక్ష్యం చెప్పాడు. ఆ పైన అసలు సంగతి బయటికొచ్చింది. ఈ రోడ్డుని ప్రారంభించడానికి మునిసిపల్ చైర్మన్ గారు స్వయంగా వస్తున్నారట! ట్యాంకరుతో నీళ్ళు పోయించి, రోడ్డు ఎలా తాగుతుందో నలుగురికీ చూపిస్తారట!

"ఆయన వచ్చేసరికి రోడ్డు ఇలా గళ్ళ నోటుపుస్తకంలా ఉంటే మన పరువేం కానూ?" అన్నారు స్కేలు మాస్టారు.

నీళ్ళు తాగే రోడ్డుని ప్రారంభించే లోపల దాని సందులన్నీ సిమెంటుతో పూడ్చి, నున్నగా చేసి, పైన ఎర్ర పాలిష్ కొట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. నేను రెండు చేతులూ ఎత్తాను. ఇంజనీరమ్మకి ఓ మాట చెబుదామా అని ఎవరో నసిగారు. మన రోడ్డు మనం బాగు చేసుకోవడానికి పాపం ఆ పిల్లని శ్రమ పెట్టడం ఎందుకని ఊరుకున్నాం.

ఎవరింటి ముందు వాళ్ళే పూడ్చుకోవాలన్నారు. మా ఇంటి ముందు నేనే తాపీ పట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమండీ, ఆ అమ్మాయి పూడ్చొద్దంది కదా?"

"అది మామూలు రోజుల్లో. ఇది ప్రారంభోత్సవం. నీకు తెలీదు ఊరుకో."

"మరి నీళ్ళు?"

"వాటి దారి అవి చూసుకుంటాయిలే," అన్నాను. చూసుకున్నాయి కూడా.

ప్రారంభోత్సవం రోజున ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. టెంటు వేశారు, స్టేజీ కట్టారు, మైకు పెట్టారు. రోడ్డు అద్దంలా మెరిసిపోతోంది. ఇదీ రోడ్డంటే అని స్కేలు మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. చైర్మన్ గారు రిబ్బను కత్తిరించారు. ఇంజనీరమ్మ ముందే రాసి పంపిన కాగితం చూసి మైకు ముందు నిలబడ్డాయన చదివాడు. "ఇప్పుడు ఈ ట్యాంకరు నీళ్ళన్నీ మీ కళ్ళముందే మాయమైపోతాయి!"

చప్పట్లే చప్పట్లు! ట్యాంకరు కుళాయి తిప్పేశారు. అప్పుడే వేరే పని చూసుకుని జీపు దిగిన ఇంజనీరమ్మ రోడ్డు వంక చూసి, "ఆపండి! ఆపండి!" అని కేకలేస్తూ పరిగెత్తుకొచ్చింది. చప్పట్లలో ఆ కేకలు ఎవరికీ వినబడలేదు. పైగా పాలిష్ మీద బూటు జారి సభా మధ్యంలోకి సాష్టాంగంగా వచ్చింది. వినయం గల పిల్ల అన్నారు చైర్మన్ గారు.

నీళ్ళు కాసేపు రోడ్డు మీద నిలబడ్డాయి. వాటిలో తన మొహం తనకే కనిపించి చైర్మన్ గారు ముచ్చటపడ్డారు. తర్వాత అవి మెల్లగా కదిలి, తెలిసిన దారే కాబట్టి తడుముకోకుండా పల్లానికి సాగాయి. మైకు మాట పొల్లుపోలేదు. నీళ్ళన్నీ అందరి కళ్ళముందే మాయమయ్యాయి, మా ఇంట్లోకి!

"అద్భుతం! ఊరంతా ఇలాంటి రోడ్లే వేయిస్తాం!" అని ప్రకటించి చైర్మన్ గారు కారెక్కారు.

మా ఆవిడ తడిసిన మూట ఒకటి చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కొత్త రోడ్డుని నమ్మి మూటలన్నీ కిందే పెట్టుకుందని చెప్పాను కదా. నన్ను తప్పుకుని ముందుకు నడిచింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. పాలిష్ అంటుకున్న బట్టలతో ఏడుపు మొహం పెట్టుకు నిలబడ్డ ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళి, "ఊరుకో తల్లీ, నీ తప్పేముంది? రా, మిషను అటు పక్క పట్టుకో," అంది. ఇద్దరూ కలిసి మిషను ఆటో ఎక్కించారు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని ఆటో పక్కన నడుస్తూ అడిగాను.

"మీరంతా కలిసి పూడ్చినవి తెరిచాక," అంది.

ఇప్పుడు నా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో మాటల్లో చెప్పలేను. మిషను చప్పుడు లేదు, పాట లేదు, తిట్టేవాళ్ళు అసలే లేరు. నా వంట నేనే వండుకుని, నేనే తిని, నేనే బాధపడుతున్నాను. పొద్దున్నే ఉలీ సుత్తీ పట్టుకుని రోడ్డు మీద కూర్చుంటున్నాను. పశ్చాత్తాపం అనుకునేరు! అబ్బే, వ్యాయామం.

మా ఇంటి ముందు సందులు తెరుచుకున్నాయి. ఇంజనీరమ్మ వచ్చి చూసి, కొత్త కంకర పోయించి, "ఇక్కడొక్కటే చాలదండీ," అంది. "నీళ్ళు పైనుంచి కదా వస్తాయి. వీధంతా తెరవాలి."

సరేనని ఇల్లిల్లూ తిరిగాను. స్కేలు మాస్టారు, చక్కటి రోడ్డుకి చిల్లులు పెడుతున్నానని సంఘం తరఫున నోటీసిచ్చారు. టైల్స్ షాపాయన, మా ఇంటిక్కూడా టైల్స్ వేయిస్తే తుడుచుకోవడం సులువన్నాడు. ఎదురింటాయన తలుపు సగం తెరిచి, "మా ఇంట్లోకి రావడం లేదు కదండీ!" అన్నాడు. మిగతావాళ్ళదీ అదే మాట. అంతేనండీ! మెరకన ఉన్నవాడికి వరదతో ఏనాడూ పేచీ లేదు. నేనూ మెరకనే ఉండి ఉంటే తలుపు సగమే తెరిచేవాణ్ణేమో.

నిన్న మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఎంతవరకొచ్చింది?"

"మన ఇంటి ముందు అయిపోయింది."

"మిగతా వీధి?"

స్కేలు మాస్టారి నోటీసు చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, తలకి ఏదైనా కప్పుకుని కూర్చోండి, ఎండగా ఉంది అని పెట్టేసింది. ఆ ఒక్క మాటకి నాకు దుఃఖం ఆగలేదు.

పాఠక మహాశయులారా! నా వాదనతో మీకు ఏమైనా అభ్యంతరాలుంటే ఉత్తరాలు రాయకండి. ఉలీ సుత్తీ పట్టుకుని నేరుగా మా వీధికి రండి. స్కేలు మాస్టారి గుమ్మం దగ్గర మొదలెడదాం. కాస్త త్వరగా రండి బాబూ, ఉరుముతోంది.