తడవకూడని గిన్నె

కంటికి కనిపించనిది ఉన్నట్టా, లేనట్టా అన్న సందేహం గొడుగుల మేస్త్రీని ఏళ్ళ తరబడి పట్టుకుని ఉంది. దేవుడి విషయంలో ఆయనకు ఇబ్బంది లేదు. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని, కనిపించని ఆయనకే మనసారా దండం పెట్టుకుంటాడు. ఇబ్బందంతా కళ్ళు తెరిచాకే. ముందుగదిలో బల్ల వేసుకుని గొడుగు గుడ్డలకూ వానకోట్లకూ నీరంటని మందు కొడతాడు. భార్య దగ్గుతుంది. "వాసన పోయిందిగా, మందూ పోయినట్టే," అంటాడు.

ఆ సోమవారం మధ్యాహ్నంలోగా పది కోట్లకు మందు కొట్టేయాలనుకున్నాడు. ఇంతలో ఇళ్ళలోని గాలిని పరీక్షించే అమ్మాయి వచ్చింది. రెండు స్టీలు గిన్నెలను మూతికి మూతి బోర్లించినట్టున్న వస్తువును పైకప్పు కొక్కేనికి వేలాడదీసింది. లోపల గాలిలో ఉన్నవాటిని పట్టుకునే గుండ్రటి స్పాంజి ఉంది.

"నెల రోజులుంటుంది అంకుల్. మీరు ఎప్పటిలాగే ఉండండి. ఇది తడవకుండా చూసుకోండి చాలు."

ఆమె వీధి మలుపు తిరగకముందే భార్య నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏమండీ, గాలి బాగుందని వస్తే నేనిక నోరెత్తను. బాగాలేదని వస్తే ఈ బల్లా, ఈ సీసాలూ వెనక షెడ్డులోకి. సరేనా?"

"సరే. ఓడిపోయాక ఏడవకూడదు."

"ఏడవడానికి తీరికెక్కడిది? దగ్గడానికే చాలట్లేదు."

బస్సుల పొగ తన లెక్కలో పడుతుందని మేస్త్రీ కిటికీలన్నీ మూసేశాడు. దుమ్ము అంటదని సోఫాకు మందు కొట్టాడు. సోఫా మెరిసేసరికి కర్టెన్లు వెలవెలబోయాయి. వాటికీ కొట్టాడు. మూసిన కిటికీలు చూసి, లోపలి దగ్గు విని, ఇంట్లో ఏదో అంటురోగం ఉందని పక్కింటి పెద్దమ్మ వీధంతా చాటింది. బాగుచేయమని ఇచ్చిన గొడుగుల కోసం కూడా ఎవరూ గుమ్మం తొక్కలేదు.

మూడో వారం వాన పట్టుకుంది. పైకప్పు కారి, సరిగ్గా గిన్నె పక్కనే చుక్క పడింది. తడవకూడని దాన్ని ఏం చేయాలో ఆ వీధిలో ఆయనకంటే తెలిసినవాడెవడు? నిచ్చెన వేసుకుని గిన్నెలు విప్పి, స్పాంజికి రెండు వైపులా రెండేసి పూతలు వేసి, ఆరబెట్టి మరీ తగిలించాడు.

నెల తిరిగాక అమ్మాయి గిన్నె తీసుకువెళ్ళింది. పది రోజులకు ఇద్దరు పెద్ద అధికారులను వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురి ముఖాలకూ మాస్కులు.

"నిజం చెప్పండి అంకుల్, ఇక్కడ ఏం ఫ్యాక్టరీ నడుపుతున్నారు?"

"గొడుగులమ్మా."

"మీ స్పాంజి పెడితే మా మిషను వారం రోజులు మూలపడింది! అన్నీ ఫ్లోరిన్ కలిసిన రసాయనాలే. నీళ్ళూ మరకలూ అంటకుండా వాడే మందుల్లో ఉంటాయి. మందు ఆరిపోయినా కొంచెం కొంచెంగా గాలిలోకి లేస్తూనే ఉంటాయి. వాసన లేదని లేనట్టు కాదు."

"నేను ముందే చెప్పలేదూ, అంటురోగమని!" అంది పెద్దమ్మ గోడ మీదనుంచి.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "స్పాంజికి నేనే కొట్టానమ్మా. తడవకూడదన్నావుగా."

అమ్మాయి సోఫాలో కూలబడింది. వెంటనే గుర్తొచ్చినట్టు లేచి నిలబడింది. "అయితే ఈ లెక్క చెల్లదు. మీ ఇంటి గాలి సంగతి మాకేమీ తెలియనట్టే. మళ్ళీ మొదటినుంచీ నెల పెట్టాలి."

చెల్లదు! అంటే పందెం ఓడలేదు. మేస్త్రీ మీసం సవరించుకుంటూ భార్య వైపు తిరిగాడు.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గు తీరేదాకా ఆగింది. "పెళ్ళైన కొత్తలో, రెండు నెలలు ఓపిక పట్టు, బల్ల వెనక్కి మార్చేస్తానన్నారు. పద్దెనిమిదేళ్ళు పట్టాను. ఇంకో నెలకేముంది లెండి."

అందులో వెటకారం ఉన్నా బాగుండేది. లేదు. ఆ దగ్గు మందు వల్లేనని ఎవరూ తేల్చలేదు, కాదనీ తేల్చలేదు. కనిపించని దేవుణ్ణి ఒక్కరోజూ రుజువు అడగనివాడు, ఎదురుగా దగ్గుతున్న మనిషి మాట నమ్మడానికి మాత్రం గిన్నెల లెక్క కావాలన్నాడు.

మేస్త్రీ కిటికీలన్నీ తెరిచాడు. సీసాలు ఏరి బుట్టలో సర్దాడు. బల్లకు ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస పట్టమని అధికారులను బతిమాలాడు.

పద్దెనిమిదేళ్ళ బాకీ తీరడానికి పావుగంట పట్టింది.