లతీఫా బేగం హ్యాడ్ సంగ్రామము

కాజీపేట దిక్కునుండి ఒకటి, విజయవాడ దిక్కునుండి ఒకటి, కొత్తగూడెం బొగ్గునేలనుండి ఒకటి, ఇట్లు మూడు లోహమార్గములు వచ్చి కలిసికొను డోర్నకల్ మహాజంక్షనునందు, రోహిణికార్తె ప్రచండభానుడు రేకులకప్పులను పెనములవలె కాల్చుచున్న మే మాసాంతమున, బడులు తెరచుటకు పదునాలుగు దినములు మాత్రమే మిగిలియున్న ఒకానొక ఉదయమున, పది గంటల వేళ, స్టేషను వీధిలోని ఒక చిన్న దుకాణమునందు, ఒక కుట్టుమిషను మోటరు గుర్రుమని మూలిగి ఆగిపోయెను.

ఆ మిషను లతీఫా బేగముది. ఆమె సూచీధారిణి, కత్తెరపాణి, టేపు పట్టకయే చూపుతోనే భుజముల కొలత చెప్పగల దృష్టిసంపన్న. ముప్పది సంవత్సరములు కాలితో మిషను తొక్కి తొక్కి కుడి మోకాలు అరుగగా, మొన్నటి సంక్రాంతికే ఏడాది గ్యారంటీతో ఆ మోటరు బిగించుకొనెను. ఇప్పుడామె ఎదుట నలువదిరెండు జతల బడిబట్టలు కత్తిరింపబడి, కుట్టుకొరకు నిరీక్షించుచు గుట్టగా పడియుండెను.

ఆమె తొందరపడలేదు. పావుగంట వేచెను. స్విచ్చు నొక్కెను, మరల నొక్కెను. ఆపైననే స్క్రూడ్రైవరు చేబూని మోటరు మూత తెరచి లోనికి చూచెను. ఏమియు బోధపడలేదు. మూత పెట్టి కంపెనీకి ఫోను చేసెను.

మూడవనాడు జనగామ సర్వీసు సెంటరునుండి గౌతమ్ అను మెకానిక్కు బండిమీద ఏతెంచెను. ఇరువదినాలుగేండ్ల యువకుడు, స్క్రూల విద్యయందు దిట్ట, వాక్యముల విద్యయందు నిరాయుధుడు.

“ఎట్ల ఆగిందమ్మా?” అనెను.

“స్కర్టు నడుంపట్టీ కుడ్తున్న బేటా. గుర్రుమన్నది, ఆగింది. జర సేపు చూసిన, కదల్లే. అప్పుడు మూత తీసిన. నేను మూత తీసేటాల్లకే అది ఆగిపోయి ఉండె.”

గౌతమ్ తల ఊపి, రెండు బొటనవ్రేళ్లతో ఫోనునందు రిపోర్టు లిఖించి, ఫొటో తీసికొని పోయెను. ఆ లేఖనము వలన పుట్టిన అనర్థము నాలుగవనాడు మెసేజు రూపమున లతీఫా బేగం ఫోనులో అవతరించెను. పదవ తరగతి వరకు చదివిన ఆ వీరనారి వ్రేలితో ఒక్కొక్క మాటను త్రోయుచు చదివెను: కస్టమర్ సెడ్ దట్ ద మోటర్ స్టాప్డ్ వెన్ షి ఓపెన్డ్ ద కవర్. తాను మూత తెరవగా మోటరు ఆగినదని కస్టమరే చెప్పెను. కావున గ్యారంటీ చెల్లదు.

ఆమె ముఖము ఎర్రవడెను. మోటరు పోయినందుకు కాదు. తన నోట అబద్ధము పెట్టినందుకు.

తత్క్షణము హెల్ప్‌లైనుకు ఫోను చేసి, పదునొకండు నిమిషములు సంగీతము విని, తుదకొక మధురకంఠమును చేరెను.

“మేడమ్, మూత తీసినప్పుడు మోటర్ ఆగిందని మీరే చెప్పారు కదండీ.”

“ఆగిందని చెప్పలే! ఆగిపోయి ఉండె అని చెప్పిన!”

“అదే కదండీ మేడమ్. ఆగింది.”

“అది వేరే, గిది వేరే!”

“రెండూ ఒకటేనండీ మేడమ్. మీకింకేమైనా సహాయం కావాలా?”

ఫోను ఆగెను. లతీఫా బేగం విధిలేక పాతరోజులవలె కాలితో తొక్కుట మొదలిడెను. రెండు జతలు ముగియునప్పటికి మోకాలు ఉబ్బగా, ఆమె గోడకు చేరగిలబడి కన్నులు మూసికొనెను. మిగిలినవి నలువది జతలు. ఆ పిల్లల తల్లులకు ఏమని చెప్పవలెను?

మరునాటి పూర్వాహ్ణమున, ప్యాంటు అంచు మడిపించుకొనుటకై చత్రు నాయక్ సారు విచ్చేసెను. పెద్దవంగర దాపుననున్న తండాలో జనించి, భూపాలపల్లి ప్రాంతపు బడులయందు ముప్పదియొక్క సంవత్సరములు ఇంగ్లీషు బోధించి, డోర్నకల్‌లో స్థిరపడిన రిటైర్డు ఉపాధ్యాయుడాతడు. డైరెక్టు స్పీచిని ఇండైరెక్టుగా మార్చుటయే పరమావధిగా బ్రదికి, వేలమంది విద్యార్థుల ఆవులింతలను నిర్వికారముగా భరించిన స్థితప్రజ్ఞుడు.

లతీఫా బేగం సంగతియంతయు చెప్పి ఫోను చేతికిచ్చెను. సారు కళ్లజోడు సవరించి చదివెను. మరల చదివెను. ఆయన కుడిచేయి జేబులోని ఎర్రపెన్ను వైపు తనంతట తానే కదిలెను.

“చెల్లె! గిండ్ల హ్యాడ్ లేదు!”

“హ్యాడ్ లేకపోతే ఏమైతది సార్?”

అప్పుడు చత్రు నాయక్ సారు లేచి నిలిచి, వీధినపోవు ఆటోల ఘోషను మించిన గంభీరస్వరమున పలికెను: “ఏమైతదా? నీ మోటర్ నువ్వే ఖరాబు చేసినట్టయితది! మూత తెరిచినంక ఆగితే స్టాప్డ్. తెరిచేటాల్లకే ఆగి ఉంటే హ్యాడ్ స్టాప్డ్. ముప్పై ఒక్క ఏండ్లు గిదే మొత్తుకున్న, పిలగాండ్లు కిటికీలకెల్లి బయటికి చూసిండ్రు. హ్యాడ్ ఎందుకు సార్, ఏం పనికొస్తది సార్ అని అడిగిండ్రు. చెప్పలేకపోయిన. ఇయ్యాల దొరికింది జవాబు!”

ఆయన కన్నులు తడిసెను. ఆటోలు పోవుచునేయుండెను.

“మరి నాకెట్ల తెలుస్తది సార్, ఎక్కడ పెట్టాల్నో?”

“మీ ఇంట్ల ఈ ముచ్చట ఎట్ల చెప్పినవ్?”

“మా ఆయనతోని ఉర్దూల చెప్పిన. మై ఖోల్నే తక్ బంద్ హోగయా థా అని.”

“ఆఁ! ఆ ‘థా’ ఉన్నది సూడు, గదే హ్యాడ్! తెలుగుల ‘ఉండె’ అన్నవ్, గది గూడ గదే. రెండు భాషలల్ల సరిగ్గనే చెప్పినవ్. మూడోదాంట్ల రాసెటోడు మింగిండు.”

లతీఫా బేగం అప్రతిభురాలయ్యెను. ఏ అస్త్రము తనకు లేదని ఇన్నినాళ్లు తలచెనో, అది పుట్టిననాటినుండి తన నాలుకపైననే ఉండెనా!

“మీరే రాసియ్యుండ్రి సార్.”

“నేను రాయ. మాట నీది. నువ్వే రాయి.”

అంతట ఆమె కొలతల పుస్తకమునందు ఖాళీ పుట తెరచి, సుద్దముక్క విడిచి పెన్ను పట్టి, రణమునకు దిగెను. మొదటి వాక్యమున హ్యాడ్ వ్రాసి స్టాప్ చివరనుండవలసిన ఈడీని మరచెను. ఎర్రపెన్ను గీత పడెను. రెండవ వాక్యమున, ఉన్న శక్తి దాచనేల అని తెగించి, టోల్డ్ ముందు ఒక హ్యాడ్, స్టాప్డ్ ముందు ఒక హ్యాడ్, ఓపెన్డ్ ముందు మరియొక హ్యాడ్ ప్రయోగించెను.

“అన్నిటికి తగిలిస్తే ఎట్ల చెల్లె? ఏది ముందయిందో దానికొక్కదానికే.”

“ముందు ఆగింది. తర్వాత తీసిన. ఆఖరుకు ఆ పిలగానికి చెప్పిన.”

“మరి?”

వీధిచివర విజయవాడ వైపు బండి కూతపెట్టి కదిలిపోయెను. పిమ్మట ఒక్కొక్క అక్షరమును కాజా కుట్టినంత శ్రద్ధతో ఆమె వ్రాసెను: ఐ టోల్డ్ యువర్ మ్యాన్ దట్ ద మోటర్ హ్యాడ్ స్టాప్డ్ వెన్ ఐ ఓపెన్డ్ ద కవర్.

ఎర్రపెన్ను గాలిలో నిలిచెను. దిగలేదు. చత్రు నాయక్ సారు దానికి మూతపెట్టి జేబులో వేసికొనెను. ఆయన వృత్తిజీవితమునందు అంతకు మించిన మెచ్చుకోలు ఎవరికిని దక్కలేదు.

లతీఫా బేగం ఆ పుటను ఫొటో తీసి కంపెనీకి పంపి, క్రింద తెలుగున ఒక మాట చేర్చెను: “మీ పిలగాన్ని పిలిచి అడుగుండ్రి, నేనేం చెప్పిన్నో.”

రెండవనాటి ఉదయము గౌతమ్ బండి దుకాణము ముందు ఆగెను. ఆతడు గడప దాటక, హెల్మెట్టు చేతబట్టుకొని నిలిచెను.

“అమ్మా, మీరు కరెక్టే చెప్పిండ్రు. ఆగిపోయి ఉండె అన్నది నాకు యాదికున్నది. మా సెంటర్ సార్ అడిగితే గదే చెప్పిన. ఇంగ్లీషుల అది ఎట్ల రాయాల్నో తెల్వక స్టాప్డ్ అని కొట్టిన. పరీక్షల ఆ ప్రశ్న ఎప్పుడూ వదిలేసెటోన్ని.”

సంవత్సరమునకు సరిపడు కోపమును వారములో కూడబెట్టుకొనియున్న లతీఫా బేగం నోరు తెరచెను. ఆ యువకుని చెమటముఖము చూచి మూసెను.

“లోపటికి రా బేటా. ముందు మంచినీళ్లు తాగు. ఇంకోసారి నీకు అనుమానమొస్తే, ‘ఉండె’ ఉన్నదా లేదా చూస్కో. ఉంటే హ్యాడ్ పెట్టు.”

“అంతేనా?” అనెను గౌతమ్, పది సంవత్సరముల బడిచదువును తలచుకొని.

“అంతే.”

ఆతడు మోటరు విప్పి, లోపల విరిగియున్న చిటికెనవ్రేలి గోరంత నల్లని కార్బను ముక్కను తీసి, గ్యారంటీక్రింద కొత్తది అమర్చి, సెలవు గైకొని జనగామ దారి పట్టెను.

ఆ దినమున రాజ్యములేవియు మారలేదు. మూడు దిక్కుల రైళ్లు వచ్చెను, పోయెను. కంపెనీ క్షమాపణ కోరలేదు. ‘ఇష్యూ క్లోజ్డ్’ అని రెండు మాటలు పంపెను. అయినను సకలజనులకు తెలియవలసినదేమనగా, ఆనాడు మిట్టమధ్యాహ్నము పన్నెండుగంటల పది నిమిషములకు, డోర్నకల్ స్టేషను వీధిలో, ఐదవ తరగతి చదువు ఒక బాలిక తెల్లచొక్కాకు ఎడమప్రక్కన, నాలుగంగుళముల వెడల్పు గల జేబు ఒకటి, దారము తెగక, మోకాలు నొవ్వక, మోటరు బలముచేత సంపూర్ణముగా కుట్టబడెను.