బ్యూగిల్ వినిపించని బ్యూగిల్ పోటీ

బ్యూగిల్ పోటీకి వెళ్ళి బ్యూగిల్ వినాలని కోరుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను చూస్తే నాకు జాలి. పెళ్ళికి వెళ్ళినవాళ్ళు పెళ్ళికూతుర్ని చూస్తున్నారా? ఫొటోగ్రాఫర్ వీపు చూసి, కేకు తిని, ఇంటికి వస్తున్నారు. ఎవరైనా ఫిర్యాదు చేశారా?

ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి జూలైలోనూ అమెరికాలోని మా ఇండియానాలో జరిగే డ్రమ్ అండ్ బ్యూగిల్ దళాల, అంటే డ్రమ్ములూ ఇత్తడి బూరలూ వాయిస్తూ కవాతు చేసే కుర్రకారు బృందాల, పోటీలకు వెళ్తున్నాను. అందులో పద్దెనిమిదేళ్ళు మా ఊరి పత్రికకు వాటి గురించి రాశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ విద్యకు జరిగిన మేళ్ళలో స్పీకర్‌ను మించింది లేదు.

పూర్వం ఏమయ్యేది? ఫుట్‌బాల్ మైదానంలో నూట యాభై మంది పిల్లలు వరసలు కట్టి నడుస్తూ ఊదేవారు, డ్రమ్ములు వాయించేవారు. స్టాండ్స్‌లో కూర్చున్నవాడి చొక్కా గుండీలు అదిరేవి. ఇంటికి వెళ్ళినా చెవిలో అదే మోగేది. నిద్ర పట్టేది కాదు. ఇది ఆరోగ్యానికి మంచిదా?

ఇప్పుడా బెడద లేదు. మైదానం ముందంచున పద్నాలుగు స్పీకర్లు, ఒక్కొక్కటి ఫ్రిజ్ అంత. ఎలక్ట్రానిక్ కీబోర్డు దగ్గర ఒక అమ్మాయి. ఆమె ఎడమచేతి చిటికెన వేలితో ఒక మీట నొక్కుతుంది. మంద్ర స్వరంతో స్టేడియం వణుకుతుంది. ఆమె వెనక కాంట్రాలు మోసే పిల్లలు పదహారు మంది. కాంట్రా అంటే భుజానికెత్తుకుని ఊదే బ్యూగిల్. రెండేళ్ళ పిల్లాడంత బరువు. వీళ్ళు మే నెల నుంచి రోజుకు పన్నెండు గంటలు ఎండలో నిలబడి, స్కూలు జిమ్ముల్లో నేల మీద పడుకుని, ఆ మంద్ర స్వరాన్నే సాధన చేశారు. చిటికెన వేలు గెలిచింది. శ్రమ తగ్గించడమే కదా నాగరికత!

మాటలు కూడా చేర్చారు. ఇది ఇంకా మేలు. ఈ జూలైలో మా కౌంటీ స్టేడియంలో హార్లన్ క్రీక్ గార్డ్ అనే దళం 'అద్దానికి అవతల' అనే ప్రదర్శన ఇచ్చింది. మైదానం నిండా రెండు నిలువుల ఎత్తు అద్దాలు. పిల్లలు వాటి వెనక. స్పీకర్లలో ఒక గొంతు అడిగింది: "నేనెవరిని?" కాసేపాగి, "నేను... ఎవరిని?" పదకొండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు అడిగింది. లెక్కపెట్టాను.

ఆరోసారికి నా పక్కనున్న రైతు ఉండబట్టలేకపోయాడు. "ఎవరో ఒకరు చెప్పండ్రా వాడికి, పాపం!" అన్నాడు. ముందు వరసలో పెద్దాయన చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. అయినా వినపడిందట. రెండు మైళ్ళ అవతల ఆవులు తామెవరో తెలియక ఆ పూట పాలివ్వలేదని కూడా విన్నాను. నిర్ధారించుకోలేకపోయాను.

మరి బ్యూగిళ్ళు ఎలా ఉన్నాయంటారా? మెరుస్తున్నాయి.

ఈ ప్రగతి తలకెక్కని మనిషి ఒకడున్నాడు. నా మిత్రుడు వెండెల్ హాస్కాంప్, డెబ్బై నాలుగేళ్ళు. అతని మనవరాలు మారెన్ ఆ దళంలోనే కాంట్రా ఊదుతుంది. ఇరవై ఒకటి దాటితే ఈ దళాల్లో చోటు లేదు. మారెన్‌కు ఇరవై ఒకటి. ఇదే ఆఖరి వేసవి. వెండెల్ మూడేళ్ళుగా నడిమధ్య సీట్లు వెతికి కొంటున్నాడు. పోటీలో ఆమె ఊదడం ఒక్కసారి కూడా వినపడలేదు.

"అప్పుడప్పుడూ కనపడుతోంది కదయ్యా," అన్నాను ఆ రోజు కార్లో.

"కనపడితే ఏంటి? చేపలు కూడా నోళ్ళు తెరుస్తాయి. ఈ వేసవిలో వినకపోతే ఇక లేదు."

అంత పట్టుదల ఉన్నవాడు ఏం చేయాలి? సీట్లో కూర్చోవాలి. వెండెల్ ఆకలి వేసి కిందికి వెళ్ళాడు. చిప్స్ ప్యాకెట్ చీల్చి అందులోనే మాంసం కూర పోసి ఇచ్చే దుకాణం దగ్గర పాతిక మంది లైను. అతని వంతు వచ్చి, ప్యాకెట్ చేతికందే సరికి మైదానంలో హార్లన్ క్రీక్ గార్డ్ మొదలుపెట్టింది.

ఒక దళం వాయిస్తుండగా ఎవరూ మెట్లెక్కకూడదు. ఇది మా దగ్గర చర్చిలో కూడా లేనంత నిష్ఠ. స్టేడియం మూల గేటు దగ్గర తాడు కడతారు. తాడు దగ్గర కాపలాకు డార్లీన్ ప్రూయిట్ ఉంటుంది. తర్వాత జరిగింది ఇద్దరినీ విడివిడిగా అడిగాను. రెండు కథనాలూ కలిశాయి.

"ఆగండి తాతగారూ. మొదలైపోయింది."

"అందులో నా మనవరాలుందమ్మా!"

"అందరి మనవరాళ్ళూ అందులోనే ఉన్నారు. తాడు దాటకండి."

"ఇది దాని ఆఖరి ఏడాది."

"నాకిది ఇరవయ్యో ఏడాది. పోయినసారి మేయర్‌నే ఆపాను. కూర చల్లారిపోతుంది, తినండి."

పైన నేను ఖాళీ సీటు పక్కన కూర్చుని బాధపడ్డాను. మూడేళ్ళ ఆశ, చిప్స్ ప్యాకెట్ పాలైంది! దళం మైదానం వదిలాక వెండెల్ మెట్లెక్కి వచ్చాడు. ప్యాకెట్ ముట్టుకోలేదు. ఓదార్పు మాట ఒకటి సిద్ధం చేసుకున్నాను.

"విన్నాను," అన్నాడు.

"ఏం విన్నావు?"

"మారెన్‌ని. అది తొలి స్వరం గట్టిగా కొడుతుంది. పదమూడో ఏట మా ఇంటి బేస్‌మెంట్లో మొదలుపెట్టిన నాటి నుంచీ మొత్తుకుంటున్నా, మెల్లగా అందుకోవే తల్లీ అని. ఇవాళా గట్టిగానే కొట్టిందయ్యా!"

సంగతేమిటంటే, స్పీకర్లన్నీ స్టాండ్స్ వైపు తిరిగి ఉంటాయి. అద్దాలూ అంతే. మూల గేటు వాటికి వెనక పక్కన పడుతుంది. అక్కడ నిలబడ్డవాడికి అద్దాల వెనక పిల్లలు వరసగా కనపడతారు. కాంట్రాలు పాతిక గజాల్లో ఉంటాయి. చిటికెన వేలి జోరు అంతగా అటు రాదు.

"మరి ఆ 'నేనెవరిని' అన్నవాడో?" అన్నాను.

"ఎవడు వాడు?" అన్నాడు వెండెల్.

పైన గాజు గదిలో కూర్చున్న జడ్జీలు ఆ దళం మంద్ర స్వరాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారని తర్వాత తెలిసింది. ఆ మెప్పు పదహారు మందికి చెందుతుందో, వేలికి చెందుతుందో వాళ్ళు చెప్పలేదు.

తర్వాతి శనివారం పొరుగు కౌంటీలో పోటీ. సీజన్ ముగిసేలోగా వెండెల్ వెళ్ళగలిగిన పోటీల్లో అదే చివరిది. ఇద్దరం నడిమధ్య సీట్లే కొన్నాం. హార్లన్ క్రీక్ గార్డ్ మైదానంలోకి వస్తుండగా అతనికి ఆకలి వేసింది. విచిత్రం, నాకూ వేసింది.

మూల గేటు తాడు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ పదకొండు మంది ఉన్నారు. అందరూ మా వయసువాళ్ళే. అందరి చేతుల్లో ప్యాకెట్లు. ఒక్కరూ తినడం లేదు. ఒకావిడ హడావిడిలో ఏదీ కొనకుండానే వచ్చేసింది.

"ఏంటి, అందరికీ ఒకేసారి ఆకలేసిందా?" అన్నాడు తాడు పట్టుకున్నతను.

"అవును నాయనా. నువ్వు కాస్త ఊరుకో, మావాడు ఊదబోతున్నాడు," అంది ఆవిడ.

మారెన్ తొలి స్వరం గట్టిగానే కొట్టింది. వెండెల్ నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. నా చొక్కా గుండీలు అదిరాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరోగ్యానికి మంచిది కాదని ముందే రాశాను.

కాబట్టి నిర్వాహకులకు నా మనవి. స్పీకర్లు తీసేయమనే మూర్ఖుల మాట చెవిన పెట్టకండి. ఇంకో పద్నాలుగు పెట్టండి. రెండో చిటికెన వేలికీ పని కల్పించండి. 'నేనెవరిని' అన్నవాడికి ఇంకాస్త సమయమివ్వండి, ఏదో ఒకరోజు తేల్చుకుంటాడు. అన్నిటినీ స్టాండ్స్ వైపే తిప్పి ఉంచండి.

మా మూలకు మాత్రం ఒక్కటి కూడా తిప్పకండి.